రంగు తుపాకీ జోరుకు ఇప్పుడే కళ్లెం వేయాలి

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున సాహస శిబిరాలు నడిపేవారికి, నడపాలని స్థలం చూసుకుంటున్నవారికి, కాలేజీ విహారయాత్రలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక. పెయింట్‌బాల్ ఆటలో వాడే ఎలక్ట్రానిక్ మార్కరు సెకనుకు 10 గోళీలకు మించి వదలకుండా బిగించి ఉంటేనే దాన్ని ఆటగాడి చేతికివ్వండి. కొత్తగా ఆడేవారికి, 18 ఏళ్లు నిండని పిల్లలకు ఆ 10 కూడా వద్దు. ఒకసారి నొక్కితే ఒకే గోళీ వెళ్లే మామూలు మార్కరు వాళ్లకు చాలు. అధికారులెవరో వచ్చి తనిఖీ చేస్తారని ఎదురుచూడకండి. ఆట నడిపేవాడే ఈ పని చేయాలి, మొదటి జట్టు మైదానంలోకి దిగకముందే చేయాలి.

ఆట చూడనివారి కోసం కొంచెం వివరం. గ్యాస్ ఒత్తిడితో రంగు గోళీలను వదిలే తుపాకీని మార్కరు అంటారు. గోళీ పెంకు జెలటిన్‌తో చేస్తారు, లోపల రంగు కలిపిన ద్రవం ఉంటుంది. వ్యాసం 0.68 అంగుళాలు, అంటే 17 మిల్లీమీటర్ల పైచిలుకు. బరువు సుమారు 3 గ్రాములు. గొట్టం దాటేటప్పుడు దాని వేగం సెకనుకు 300 అడుగులు మించకూడదన్నది ప్రపంచమంతటా ఆట స్థలాలు పాటించే హద్దు. చాలాచోట్ల 280కే ఆపుతారు. 300 అడుగులంటే గంటకు దాదాపు 330 కిలోమీటర్లు. చొక్కా మీద తగిలితే పగిలి రంగు అంటుకుంటుంది, తగిలినవాడు చెయ్యెత్తి ఆట నుంచి తప్పుకుంటాడు. చర్మం కమిలి నాలుగు రోజులు నొప్పి పెడుతుంది, అంతే.

కంటి సంగతి వేరు. క్రికెట్ బంతి ముఖానికి తగిలితే కంటి చుట్టూ ఉన్న ఎముక గట్టు దెబ్బలో చాలా భాగాన్ని తాను తీసుకుంటుంది. ఈ గోళీ ఆ గట్టు మధ్యలోంచి దూరిపోయేంత చిన్నది. నేరుగా కనుగుడ్డునే తాకుతుంది. లోపల రక్తం చేరడం, కటకం పక్కకు జరగడం, రెటీనా ఊడిపోవడం, ఒక్కోసారి గుడ్డే పగిలిపోవడం జరుగుతాయి. అమెరికాలో మయామిలోని బాస్కమ్ పామర్ కంటి ఆసుపత్రి వైద్యులు 1998, 2005 మధ్య ఇలాంటి దెబ్బలతో వచ్చిన 36 మంది కళ్లను పరిశీలించారు. దాదాపు అందరూ దెబ్బ తగిలే వేళకు కంటికి ఏ అడ్డూ లేనివాళ్లే. నాలుగో వంతుకు పైగా పగిలిన గుడ్లే.

మాస్కు పెట్టుకుంటే సరిపోతుంది కదా, జోరుతో పనేమిటి అని నిర్వాహకులు అడుగుతారు. అక్కడే పొరబాటు. ఒక గోళీ ఎంత వేగంతో వస్తుందన్నది ఒక లెక్క, ఒక్క సెకనులో ఎన్ని వస్తాయన్నది, అంటే జోరు, ఇంకో లెక్క. మొదటిదాన్ని అందరూ కొలుస్తారు. రెండోదాన్ని వదిలేస్తారు.

ఇరవై మీటర్ల దూరంలో ఉన్న ఆటగాడి మీదికి కాల్చారనుకుందాం. గోళీ అక్కడికి చేరడానికి సుమారు పావు సెకను. అది పగిలిందని కాల్చినవాడి కన్ను చూసి, బుర్ర గ్రహించి, వేలు వదలడానికి ఇంకో పావు సెకను. మొత్తం అర సెకను. మార్కరు సెకనుకు 20 చొప్పున వదిలితే ఈలోగా 10 గోళీలు బయల్దేరి ఉంటాయి. సెకనుకు 10 అయితే 5. వేలితో ఒక్కొక్కటే నొక్కే కొత్త కుర్రాడి మామూలు మార్కరైతే రెండో మూడో. కాల్చినవాడు ఎంత మంచివాడైనా, ఎంత జాగ్రత్తపరుడైనా ఈ లెక్క మారదు. ఎదుటివాడు మొదటి దెబ్బకే తప్పుకున్నా మిగతా తొమ్మిదీ వచ్చి తగులుతాయి. మొదటి దెబ్బకు తల తిరుగుతుంది, రెండోదానికి మాస్కు పట్టీ జారుతుంది, మూడోది ఎక్కడ తగులుతుందో చెప్పలేం. భయపడ్డ పిల్లవాడు వెనక్కి తిరిగి మాస్కు తీసేసే క్షణం కూడా ఆ అర సెకనులోనే రావచ్చు.

పోటీలు నడిపేవాళ్లకు ఇది ఎప్పుడో తెలిసొచ్చింది. 1990ల మధ్యలో ఎలక్ట్రానిక్ మార్కర్లు వచ్చాక జోరు పందెంలా పెరిగింది. అంతర్జాతీయ పోటీల్లో ముందు 15కు కట్టేశారు, తర్వాత మెల్లమెల్లగా 10 చుట్టుపక్కలకు దించారు. ఏళ్ల తరబడి సాధన చేసిన ఆటగాళ్లు, మంచి మాస్కులు, మైదానం చుట్టూ వలలు, అడుగడుగునా రెఫరీలు ఉన్నచోటే 10 చాలనుకున్నారు. మన దగ్గర శనివారం పొద్దున మొదటిసారి మార్కరు పట్టుకునే డిగ్రీ కుర్రాడికి అంతకన్నా ఎక్కువ ఇవ్వడానికి ఏ కారణమూ లేదు. జర్మనీలోనైతే గోళీ శక్తి 7.5 జౌల్స్ దాటని మార్కర్లే లైసెన్సు లేకుండా దొరుకుతాయి, అదీ 18 నిండినవారికి. నొక్కి పట్టుకుంటే వరసగా పేలేవి అక్కడ కుదరవు. బ్రిటన్‌లోనూ అంతే.

ఇప్పుడు యంత్రం లోపలికి వద్దాం. ఆట స్థలాల్లో అసలు మోసం, అసలు నిర్లక్ష్యం అక్కడే దాగి ఉంటాయి. ఎలక్ట్రానిక్ మార్కరు పిడిలో బ్యాటరీ, చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటాయి. ట్రిగ్గర్ వెనక గోరంత స్విచ్చి. వేలు నొక్కగానే స్విచ్చి బోర్డుకు చెబుతుంది, బోర్డు సోలినాయిడ్ కవాటాన్ని తెరుస్తుంది, గ్యాస్ వచ్చి గోళీని నెడుతుంది. చిక్కంతా స్విచ్చిలో ఉంది. అరిగిపోయిన పాత స్విచ్చి వేసినప్పుడు బల్బు రెండుసార్లు మిణుక్కుమని వెలిగినట్టే, ఇక్కడి లోహపు రేకులు కూడా కలిసే ముందు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తాకుతాయి. ఆ ఎగురుళ్లను లెక్కలోకి తీసుకోకుండా బోర్డులో ఒక సమయం అమర్చి ఉంటుంది. దాన్ని డిబౌన్స్ అంటారు. అది మరీ తక్కువగా ఉంటే ఒక్క నొక్కు రెండు మూడు నొక్కులుగా లెక్కపడుతుంది. వేలు ఒక్కసారే కదిలింది, గోళీలు మాత్రం మూడు వెళ్లాయి. కాల్చినవాడికే అర్థం కాదు.

ర్యాంపింగ్ అనే పద్ధతి ఇంకా మాయది. మొదటి నాలుగైదు నొక్కులు మామూలుగానే ఉంటాయి. వేలు జోరందుకుందని బోర్డు గ్రహించగానే మిగతా గోళీలను తానే కలిపేస్తుంది. కుర్రాడు సెకనుకు ఆరుసార్లు నొక్కితే మార్కరు పదిహేను వదులుతుంది. నిర్వాహకుడు కౌంటరు దగ్గర రెండు గోళీలు పేల్చి చూసి 'ఒక్కొక్కటే వస్తోంది, బాగానే ఉంది' అనుకుంటాడు. మైదానంలో అదే మార్కరు ఇంకోలా పనిచేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మార్కర్లలో పాత యజమాని ఏ అమరికలు వదిలి వెళ్లాడో ఎవరికి తెలుసు? అమరికలు మార్చకుండా చాలా మార్కర్లలో పోటీల కోసం లాక్ ఉంటుంది. దాని మీట పిడి లోపల ఉంటుంది, స్క్రూ విప్పితే గానీ చేతికి అందదు. ఆ లాక్ వేయండి. స్క్రూ మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి. ఎవరైనా విప్పితే చుక్క పగిలి తెలుస్తుంది.

కొలవడానికి పెద్ద ఖర్చు కూడా లేదు. వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ ఎలాగూ ఉండాలి. అది లేనివాళ్లు ఈ ఆట నడపకూడదు. జోరును కొలవడానికి చేతిలోని ఫోను సరిపోతుంది. ఖాళీ లక్ష్యం మీదికి మూడు సెకన్ల పాటు వేలు వీలైనంత జోరుగా ఆడిస్తూ కాల్చండి, ఫోనులో శబ్దం రికార్డు చేయండి, ఆ అలలను తెర మీద పెద్దవి చేసి ఒక సెకనులో ఎన్ని శిఖరాలున్నాయో లెక్కపెట్టండి. శిఖరానికీ శిఖరానికీ మధ్య సెకనులో పదో వంతు కన్నా తక్కువ ఎడం ఉంటే ఆ మార్కరు పక్కన పెట్టాల్సిందే. ప్రతి మార్కరునూ ఇలా చూడాలి, ఒక్కటి చూసి మిగతావన్నీ అంతే అనుకోకూడదు. ఇంకో సులువైన అడ్డుకట్ట ఉంది. గోళీలు వాటి బరువుతో అవే జారిపడే మామూలు డబ్బా సెకనుకు సుమారు 8కి మించి అందించలేదు. మోటారు పెట్టి తోసే డబ్బాలు 20 దాటిస్తాయి. అద్దెకిచ్చే మార్కర్లకు మోటారు డబ్బాలు అసలు తగిలించకండి.

చట్టం సంగతి కూడా నిర్వాహకులు ఒకసారి చదువుకోవాలి. 1959 నాటి ఆయుధాల చట్టం ఫైర్ ఆర్మ్ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో పేలుడు పదార్థంతో వదిలేవే కాక ఇతర శక్తితో వదిలేవి కూడా ఉన్నాయి. ట్రిగ్గర్ మీద ఒత్తిడి ఉన్నంతసేపూ వరసగా వదులుతూ పోయే ఫైర్ ఆర్మ్‌లను అదే చట్టం నిషిద్ధ ఆయుధాల్లో చేర్చింది. నొక్కి పట్టుకుంటే పేలుతూ పోయే అమరిక ఉన్న మార్కరు ఈ అక్షరాలకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. కోర్టు ఏమంటుందో ముందే చెప్పడం మా పని కాదు. ఒక పిల్లవాడి కన్ను పోయిన రోజున ప్రాసిక్యూటర్ మొదట తెరిచే పుట ఇదే అవుతుందని మాత్రం చెప్పగలం. ఆటకొచ్చినవాళ్ల చేత 'ఏం జరిగినా మాదే బాధ్యత' అని కాగితం మీద సంతకం పెట్టించుకుంటే ఆ నిర్లక్ష్యం మాసిపోదు.

ఇంతవరకూ చెప్పింది ఎక్కడికైనా వర్తిస్తుంది. మన నేల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే పరాయి దేశపు నియమాల పుస్తకంలో కొత్తగూడెం ఎండ లేదు.

చవకగా దొరికే మార్కర్లు చాలావరకు కార్బన్ డయాక్సైడ్ సిలిండరుతో నడుస్తాయి. సిలిండరులో అది ద్రవంగా ఉంటుంది. దాని ఒత్తిడి పూర్తిగా ఎండ చేతిలో ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర 57 బార్లు, 30 డిగ్రీల దగ్గర 72 బార్లు. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండనే ఉండదు, ఒత్తిడి ఇంకా జోరుగా ఎగబాకుతుంది. మే నెలలో మన దగ్గర పాదరసం 45 తాకుతుంది, ఎండలో పెట్టిన సిలిండరు లోహం అంతకన్నా మించి కాలుతుంది. పొద్దున ఏడింటికి చల్లగా ఉన్నప్పుడు 280 అడుగులకు సరిచేసిన మార్కరు మధ్యాహ్నం పన్నెండింటికి ఎంత వేగంతో వదులుతుందో ఆ నిర్వాహకుడికి తెలియదు, మళ్లీ కొలవడు కాబట్టి. దీనికి జోరు తోడైతే మరీ ప్రమాదం. ఎడతెరిపి లేకుండా పేల్చినప్పుడు సిలిండరు చల్లబడుతుంది, ద్రవం నేరుగా మార్కరులోకి లాగబడుతుంది, ఒక గోళీ మందకొడిగానూ దాని వెనకది హద్దు దాటిన వేగంతోనూ వస్తాయి. నిదానంగా ఒక్కొక్కటీ పేల్చి తీసుకున్న కొలత ఇక్కడ ఎందుకూ కొరగాదు. కాబట్టి ఫిబ్రవరి ఆఖరు నుంచి వానలు పడేదాకా ఈ ప్రాంతంలో కార్బన్ డయాక్సైడ్‌తో ఆట వద్దు. రెగ్యులేటరు ఉన్న గాలి సిలిండర్లే వాడండి, గంటకోసారి నీడలోనూ ఎండలోనూ వేగం కొలవండి.

సిలిండరు నింపేవాళ్లకు ఒక మాట. నిండా నింపి కారు డిక్కీలో వదిలేస్తే రక్షణ బిళ్ల పగిలి గ్యాస్ చిమ్ముతుంది. ఇత్తడి కవాటం వదులై ఉంటే సిలిండరే రాకెట్‌లా ఎగురుతుంది. 2004లో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఇలా ఎగిరిన సిలిండర్ల వల్ల కనీసం ఇద్దరు చనిపోయారని హెచ్చరిక ఇచ్చింది. తిప్పి ఊడదీసేటప్పుడు సిలిండరు మొత్తం కదులుతోందా, కవాటం ఒక్కటే కదులుతోందా అన్నది కళ్లతో చూడాలి. కవాటం మీదా సిలిండరు మీదా కలిసేలా రంగుతో ఒక గీత గీస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఎండ గోళీని కూడా మారుస్తుంది. జెలటిన్ వేడికి మెత్తబడుతుంది, గోదావరి గాలిలోని తేమకు ఉబ్బుతుంది. మెత్తబడ్డ గోళీ ఒంటికి తగిలి పగలదు, రబ్బరులా తిరిగొస్తుంది. దెబ్బ తగిలింది, రంగు పడలేదు. కాల్చినవాడు తగల్లేదనుకుని వేలు ఆపడు. జోరు హద్దులో లేని మార్కరు చేతిలో ఉంటే ఆ పగలని గోళీల వాన ఎవరు ఆపుతారు? గోళీల పెట్టెను నీడలో, మూతపెట్టి, నేలకు తగలకుండా ఉంచండి. ఆకారం మారిన గోళీని పారేయండి, ఖరీదు చూడకండి.

అన్నిటికన్నా భయపెట్టేది మాస్కు అద్దం మీది ఆవిరి. ఉక్కపోతలో పరిగెత్తే మనిషికి పది నిమిషాల్లో అద్దం మసకబారుతుంది. చేతి రుమాలుతో తుడుచుకుందామని మాస్కు ఒక్క క్షణం పైకెత్తుతాడు. ఆ క్షణంలోనే కళ్లు పోతాయి. ఎవరూ కావాలని మాస్కు తీసి ఆడరు, కళ్లు కనబడక తీస్తారు. కాబట్టి ఆవిరి పట్టని రెండు పొరల అద్దాలున్న మాస్కులే ఇవ్వాలి, ఆట పది నిమిషాలకు మించకూడదు, ఈల ఊదగానే ప్రతి గొట్టానికీ ముందు గుడ్డ తొడుగు వేశాకే మాస్కు తీయడానికి అనుమతి. అద్దం మీద దగ్గరి నుంచి దెబ్బ తగిలితే బీటలేమీ కనబడకపోయినా దాన్ని మార్చేయాలి. బైకు కళ్లజోళ్లు, వెల్డింగు కళ్లద్దాలు దీనికి పనికిరావు.

ఇక అడవి. కొన్ని విషయాలు ఈ ప్రాంతం వాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు, బయటి నుంచి వచ్చి స్థలం లీజుకు తీసుకునేవాళ్లకే చెప్పాలి. ఈ అడవి ఖాళీగా ఉండదు. మార్చిలో తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి ఆడవాళ్లు వస్తారు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోత. పొదల చాటున వంగి ఆకు కోస్తున్న మనిషి మీకు కనబడదు, మీ గోళీ మాత్రం తొంభై మీటర్ల దాకా పోగలదు. ఆ తల్లికి మాస్కు లేదు, మీ ఆట సంగతీ తెలియదు. మేకలు కాసే పిల్లవాడికీ అంతే. చుట్టూ వల కట్టని స్థలంలో, కాలిబాట కనుచూపు మేరలో ఉన్నచోట ఈ ఆట పెట్టడం నేరంతో సమానం అని మేము రాస్తున్నాం, ఆలోచించే రాస్తున్నాం.

కిన్నెరసాని అభయారణ్యం హద్దులోకి మార్కరు తీసుకెళ్లడం గురించి కలలో కూడా అనుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అన్న మాటకు అర్థం చాలా విశాలం. జంతువును గాయపరచగల ఏ పరికరమైనా అందులోకి వస్తుంది. అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టాలంటే రాతపూర్వక అనుమతి కావాలని అదే చట్టంలోని 31వ సెక్షన్ చెబుతోంది. అటవీ బీట్ ఆఫీసరు ఆపితే 'ఇది బొమ్మ సార్' అన్న జవాబు చెల్లదు. పగలకుండా నేల మీద పడిన గోళీలను ఏరకుండా వదిలేయడం ఇంకో పాపం. వాటిలోని ద్రవం తిన్న కుక్కలు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రికి వచ్చిన సంగతి విదేశీ పశువైద్యులు నమోదు చేశారు. రంగురంగుల తియ్యని గోళీ కనబడితే కోతి వదులుతుందా, మేక వదులుతుందా?

ఇంకొక ప్రమాదం మిగతా దేశంలో ఎక్కువచోట్ల లేనిది, ఇక్కడ ఉన్నది. చర్ల, దుమ్ముగూడెం, కరకగూడెం వైపు అడవుల్లో ఆకుపచ్చ మచ్చల దుస్తులు వేసుకుని తుపాకీ ఆకారంలో ఉన్న వస్తువు పట్టుకుని పొదల మధ్య పాకడాన్ని ఎవరూ ఆటగా చూడరు. 2024 సెప్టెంబర్ 5న కరకగూడెం మండలం అడవిలో జరిగిన ఎదురుకాల్పుల్లో ఆరుగురు మావోయిస్టులు చనిపోయారు, పోలీసులూ గాయపడ్డారు. అలాంటి చోట గాలింపులో ఉన్న జవానుకు దూరం నుంచి వరస పేలుళ్లు వినిపిస్తే నిర్ణయం తీసుకోవడానికి అతనికీ పావు సెకనే ఉంటుంది. గూడెంలో పిల్లల్ని పట్టుకుని పడుకున్న తల్లికి ఆ శబ్దం ఏ జ్ఞాపకం తెస్తుందో కూడా ఆలోచించాలి. మచ్చల దుస్తులు వద్దు, ఎరుపో పసుపో జాకెట్లు వేయించండి. నల్లటి మార్కరు వద్దు, కొట్టొచ్చినట్టు కనబడే రంగులవి తెప్పించండి. పోలీస్ స్టేషనుకు ముందుగా రాసివ్వకుండా ఒక్క ఆట కూడా వద్దు.

ఈ ఆట పుట్టిందే అడవి పనిలోంచి. అమెరికాలో నెల్సన్ పెయింట్ కంపెనీ అటవీ సిబ్బంది దూరం నుంచే చెట్లకు గుర్తు పెట్టడానికి, పశువుల కాపరులు పశువులకు గుర్తు పెట్టడానికి నెల్‌స్పాట్ 007 అనే రంగు తుపాకీ తెచ్చింది. ఒక్కో గోళీకీ చేత్తో తోయాల్సిన పాత యంత్రమది. 1981 జూన్ 27న న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ అడవిలో 12 మంది దాంతో మొదటి ఆట ఆడారు. గెలిచినవాడు అడవి పని తెలిసినవాడు, ఒక్క గోళీ కూడా పేల్చకుండానే జెండాలు సంపాదించుకున్నాడు. జోరు ఈ ఆటకు ప్రాణమని చెప్పే అమ్మకందారులకు ఈ సంగతి చెప్పండి.

మన పల్లెలకు ఇంకా దగ్గరగా వచ్చిన ప్రమాదం ఒకటుంది. జాతరల్లో, ఆన్‌లైన్ అంగళ్లలో దొరికే బ్యాటరీ తుపాకులు. నీళ్లలో ఉబ్బిన జెల్ గోళీలనో ప్లాస్టిక్ గోళీలనో నొక్కి పట్టుకున్నంతసేపు వరసగా వదిలే బొమ్మలవి. పెట్టె మీద మాస్కు పెట్టుకున్న పిల్లవాడి బొమ్మ ఉంటుంది, పెట్టెలో మాస్కు ఉండదు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. శ్రీరామనవమికి భద్రాచలం వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు మనవడి మారాం తట్టుకోలేక ఏదో ఒకటి కొనిపెడతారు. ఆ గుర్తు లేనిదాన్ని చేత్తో కూడా తాకకండి. గుర్తు ఉన్నా, ముఖం మీదికి గురిపెట్టే ఆట ఇంట్లో ఒప్పుకోకండి.

చేలల్లో కోతుల బెడద ఎంతగా ఉందో మాకు తెలుసు. మొక్కజొన్న కంకి పాలుపోసుకునే వేళ మంద దిగితే రైతు ఏం చేతికి దొరికితే అది పడతాడు. పైపు గొట్టంలో కార్బైడ్ వేసి నీళ్లు చల్లి లైటరుతో పేల్చే తుపాకీ అలా వచ్చిందే. అదే 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో రూ. 150, 200కు పిల్లల చేతికెక్కింది. పేలలేదేమిటని గొట్టంలోకి తొంగిచూసిన పిల్లల ముఖాల మీదే పేలింది. భోపాల్, విదిశ చుట్టుపక్కల వంద మందికి పైగా కంటి గాయాలతో ఆసుపత్రులకు వచ్చారు, కొందరికి చూపు పోయింది. అమ్మకాలు ఆపమన్న ఆదేశాలు అప్పటికే వచ్చి ఉన్నా అంగళ్లలో దొరికాయి. పాత పెయింట్‌బాల్ మార్కరు చవకగా దొరికితే రేపు కోతుల మీదికి దాన్నే ఎత్తుతారు. గోళీలకు బదులు గులకరాళ్లు వేసినా ఆశ్చర్యం లేదు. అప్పుడు పక్క చేనులో కలుపు తీస్తున్న మనిషి కన్ను కూడా ఆ వరసలోనే ఉంటుంది. అరిగిపోయిన మార్కర్లను బయట అమ్మకండి, బోర్డు తీసి విరగ్గొట్టి పారేయండి.

దెబ్బ తగిలితే ఏం చేయాలో ప్రతి నిర్వాహకుడూ పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించాలి. గోళీ కంటికి తగిలితే నలపొద్దు, నొక్కొద్దు, చుక్కలు వేయొద్దు, పసరు పిండొద్దు. కాగితపు కప్పు అడుగు భాగాన్ని కనుగుడ్డుకు ఏమాత్రం తాకకుండా, చుట్టూ ఉన్న ఎముక గట్టు మీద ఆనేలా బోర్లించి అంటించండి. ఆపరేషన్ అవసరం పడవచ్చు కాబట్టి తినడానికి తాగడానికి ఏమీ ఇవ్వకుండా వెంటనే బయల్దేరండి. కార్బైడ్ పడితే దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది తడి తగలగానే సున్నంగా మారి కంటిని కాలుస్తూనే ఉంటుంది. అక్కడికక్కడే శుభ్రమైన నీళ్లు కనీసం అరగంట ధారగా పోస్తూ కడగండి, ఆ తర్వాతే బండి ఎక్కించండి. భద్రాచలం నుంచి ఖమ్మం 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పగిలిన గుడ్డును నిలబెట్టే పెద్ద ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికో ఎల్.వి. ప్రసాద్ సంస్థకో వెళ్లాలంటే 300 కిలోమీటర్ల పైమాటే. దారిలో పోయే ప్రతి గంటా చూపులోంచి తీసేసుకోవాల్సిందే. అందుకే ఆట మొదలయ్యే ముందే బండి, డ్రైవరు, ఆసుపత్రి ఫోను నంబరు సిద్ధంగా ఉండాలి.

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం కలెక్టర్లను, పోలీసు అధికారులను, అటవీ శాఖను, భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థను (ఐటీడీఏ) మేము అడిగేది ఇది. సాహస క్రీడలకు అనుమతి ఇచ్చే కాగితంలోనే సెకనుకు 10 గోళీల హద్దు, 280 అడుగుల వేగపు హద్దు రాయండి. నొక్కి పట్టే అమరిక, ర్యాంపింగ్ ఉన్న మార్కర్లను ఒప్పుకోవద్దు. 18 ఏళ్ల లోపు వారికి మామూలు మార్కర్లే ఇవ్వాలని షరతు పెట్టండి. వల, రెఫరీ, కొలత పుస్తకం లేని స్థలానికి తాళం వేయండి. ఆ కొలత పుస్తకంలో ప్రతి మార్కరు నంబరు, ఆ రోజు వేగం, జోరు, కొలిచిన వేళ, కొలిచినవారి సంతకం ఉండాలి. తల్లిదండ్రులకూ ఒక పని ఉంది. యాత్రకు డబ్బు కట్టే ముందు కాలేజీకి ఫోను చేసి ఆ పుస్తకంలోని ఆఖరి పేజీ ఫొటో పంపమనండి. పంపకపోతే డబ్బు కట్టకండి.